రష్యా గౌన్ల సారు

ఆయప్ప పోయినాడంట. సంతాప సభ పెడతాండామని, నంద్యాలలో ఉండే పాత విద్యార్థులంతా వచ్చి తలా రెండు మాటలు చెప్పాలని, నిన్న సందేళ ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికొచ్చినారు. నేను కుట్టు మిషన్ మీద ఉన్యా. కాలు ఆపలే. "పిల్లల కోసమే బతికిన మనిషమ్మా. నువ్వు ఆళ్లగడ్డలో ఆయన బళ్లో చదివినదానివి గదా" అన్యాడు వాళ్లల్లో పెద్దాయన. నాకు నవ్వొచ్చింది. "చెప్తాన్నా, నాకేం? గానీ నేను చెప్పేది మీ మైకులో పనికిరాదు" అన్యా. వాళ్లకు అర్థం కాలే. టీ తాగి పోయినారు.

చచ్చిపోయినోని మీద ఏం కోపమే అంటాడు మా ఇంటాయన. కోపమా? కోపం రావాలంటే అవతల మనిషికి కొంచెమన్నా బరువుండాల. ఆయప్ప తలపుకొస్తే నాకు నోట్లో చేదు తగిలినట్లుంటాది, ఉమ్మేస్తే పోతాది, మళ్లొస్తాది. అంతే.

మా బడికి ఆయప్ప హెడ్మాస్టరు. పేరెందుకులే, పిల్లోళ్లమంతా రష్యా సారు అనేటోళ్లం. రష్యా చూసినాడా అంటే అదీ లే. చాగలమర్రి దాటి కడప దాకా పోయినాడేమో, ఆ పక్క నాకు తెలీదు. నెలనెలా పోస్టులో ఆయప్పకు రంగుల పత్రిక ఒకటి వచ్చేది, రష్యావాళ్లు తెలుగులోనే అచ్చేసి పంపేది. ఆ కాగితం చేత్తో తడిమితే జారిపోయేంత నున్నగా ఉండేది. వేరే బడుల్లో పిల్లోళ్లు దాన్ని చించి పుస్తకాలకు అట్టలేసుకునేటోళ్లు. మా బళ్లో ఎవురన్నా అట్ట వేసినారో, ఆ పొద్దు వాళ్ల పని అయిపోయినట్లే. ఆయప్ప పత్రికను రెండు పక్కల రెండేసి వేళ్లతో పట్టుకొని మా ముందర తెరిచేటోడు. వేలు తడిచేసుకొని పేజీ తిప్పేటోడు. ఆయప్ప ఎంగిలి తగిలితే ఫరవాలే, మా చేతులు తగలగూడదు. "దూరం. దూరం నుంచి గమనించండి" అనేటోడు.

గమనించండి అనేది ఆయప్ప ఊతపదం. చూపుడువేలు పైకెత్తి, కండ్లు మూసుకొని, ఒక్కొక్క అక్షరం నమిలినట్లు చెప్పేటోడు. మాట్లాడేది గూడా మా మాదిరి కాదు, పుస్తకంలో రాసినట్లు మాట్లాడేటోడు. కోపమొచ్చినప్పుడు మాత్రం కోయిలకుంట్ల పక్క సొంత భాష బయటపడేది.

రష్యా అంటే ఎవురైనా రాకెట్ల గురించి చెప్తారు, డ్యాముల గురించి చెప్తారు. ఈయప్పకు అవేం పట్టవు. పిల్లోళ్ల గుడ్డలు! రష్యా పిల్లోళ్లు పండగలకు పబ్బాలకు కాదు, రోజూ ఇంట్లో, బళ్లో ఏం తొడుక్కున్యారు, రాజుల కాలంలో ఏం తొడుక్కున్యారు, ఇప్పుడేం తొడుక్కుంటాండారు. దాని మీద ఆయప్ప ఏందో పెద్ద పుస్తకం రాస్తాండాడని చెప్పుకునేటోళ్లు. నేనైతే ఒక్క కాగితం చూడలే. సోమవారం ప్రార్థన అయినంక అర్ధగంట ఉపన్యాసం మాత్రం తప్పేది కాదు. "పిల్లవాని చొక్కాలో ఒక దేశపు చరిత్ర ఉంటుంది, గమనించండి" అని మొదలుపెట్టేటోడు. రష్యాలో మంచు మీద నడిచేదానికి గొర్రె ఉన్నిని తొక్కి తొక్కి గట్టిచేసి బూట్లు చేస్తారంట. అది మార్చి నెల ఎండలో చెప్పేటోడు. మాలో సగం మందికి చెప్పుల్లేవు. కాలే మన్ను మీద ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుకుంటా, ఉన్ని బూట్ల గురించి ఇనేటోళ్లం. వాళ్ల పిల్లోళ్లు చేతి తొడుగులు పారేసుకోకుండా రెండింటికీ ఒక తాడు కట్టి, ఆ తాడును కోటు లోపల ఈ చేతినుంచి ఆ చేతికి దూర్చి పెడతారంట. అది మాత్రం నాకు బలే అనిపించింది. లేనిపోనిది ఎందుకు చెప్పాల.

వెనకటికి రష్యా పల్లెల్లో ఆడగానీ మగగానీ చిన్నపిల్లోళ్లకు మోకాళ్ల దాకా నారచొక్కా ఒక్కటే, నడుముకు ఒక తాడు, లోపల నిక్కరు గిక్కరు ఏం లేదంట. జమీందార్ల పిల్లోళ్లకేమో పెద్దోళ్ల కోట్లే చిన్నగా కుట్టి, ఊపిరాడకుండా బిగించి తొడిగేటోళ్లంట. తర్వాత ఓడల్లో పనిచేసేవాళ్ల మాదిరి వెడల్పు కాలరు చొక్కాలు వచ్చినాయంట. బడికి పోయే ఆడపిల్లలకు ఇటుకరంగు గౌను, దాని మీద రోజూ నల్లగుడ్డ, మంచి రోజుల్లో తెల్లగుడ్డ ముందర కట్టుకుంటారంట. ఇంకొకటి చెప్పినాడు. పుట్టిన మగబిడ్డకు మొదటి చొక్కా కొత్తగుడ్డతో కుట్టరంట. నాయన తొడిగి విడిచిన పాత చొక్కాతో కుడతారంట, నాయన బలం బిడ్డకు అంటాలని. నేను ఇంటికొచ్చి మా నాయనకు ఈ మాట చెప్తే ఆయన నవ్వినాడు. "మనం చేసేదీ అదే గదా పాపా. నువ్వు పుట్టినప్పుడు మీ జేజి పాతచీర చించి చుట్టింది" అన్యాడు. మరుసటి సోమవారం నేను చెయ్యెత్తి ఈ సంగతి సారుకు చెప్పినా. "అది మూఢనమ్మకం, కూర్చో" అన్యాడు. వాళ్లు చేస్తే చరిత్ర, మేం చేస్తే మూఢనమ్మకం. యానాడన్నా ఇంతకంటే సిగ్గులేని మాట ఇన్యారా?

మా నాయన దర్జీ. ఆళ్లగడ్డ బస్టాండు కాడ బంకు, ఒక మిషను, ఒక బల్ల. మేము దూదేకులోళ్లం, సాయిబులమే గానీ ఇంట్లో గూడా తెలుగే. నాయన కుట్టే పిల్లోళ్ల గుడ్డ ఏదైనా సరే, లోపల నాలుగు వేళ్ల మడత ఉండాల్సిందే. తల్లులు అడగాల్సిన పని లే. పిల్ల ఎదిగేకొద్దీ ఏడాదికొక సుట్టు విప్పుకుంటా పోతే ఒక గౌను మూడేండ్లు వచ్చేది. విప్పినచోట గీత పడేది. పాత మడత లోపల గుడ్డ ముదురురంగు, బయట గుడ్డ వెలిసిపోయిన రంగు. ఆ గీతలు చూసి పిల్ల వయసు చెప్తా అని నాయన పరాచికాలాడేటోడు.

నన్ను పది చదివించాలని నాయనకు పంతం. మా ఇండ్లల్లో అంతవరకు చదివిన ఆడపిల్ల లే. ఏడు పాసైనంక మా జేజి, నాయనకు అమ్మ, అడ్డం తిరిగింది. "ఎదిగిన పిల్ల బస్టాండు మీద రోజూ పోతాంటే నలుగురు నాలుగు మాట్లంటారు. సాలు, మాన్పించురా" అనింది. నాయన ఆమె కాళ్లకాడ కూర్చొని మాటిచ్చినాడు. "పావడ కాళ్ల దాకా ఉంటాది, ఒంటి మీద గుడ్డ జరగదు. ఒక్కడు ఒక్క మాట అన్యా ఆ పొద్దే మాన్పిస్తా మా" అన్యాడు. ఆ మాట మీద జేజి ఒప్పుకునింది. అట్ల నేను ఎనిమిదిలో కూర్చున్యా. లెక్కల్లో నేనే ముందు. టీచరు కావాలని ఉండె నాకు.

ఆ జూన్‌లోనే ఆయప్ప బుర్రను పురుగు తొలిచింది. ఆడపిల్లలంతా ఎనిమిదో తరగతి దాకా రష్యా గౌను తొడగాలన్యాడు. మోకాలి దాకా ఇటుకరంగు గౌను, ముందర తెల్లగుడ్డ. పావడలు పనికిరావు. నంద్యాలనుంచి ఒకే తాను గుడ్డ తెప్పించినాడు, అది దుప్పటి మందం ఉండె. కుట్టే పని మా నాయనకే ఇచ్చినాడు. జేజి గోల గోల చేసింది. "నాలుగు వేళ్లు లోపల పెడతానుమా. ఒక్క నెల తొడగనీ, ఉతికినంక విప్పి కిందికి దించుతా. దించినంక పిక్కల దాకా వస్తాది, మేజోళ్లు కొనిస్తా" అని ఎట్లో ఒప్పించినాడు నాయన. ఆ మడత మీదనే నా చదువు నిలబడుండ్య.

గౌన్లు మూటగట్టుకొని నాయనా నేనూ బడికి పోయినాం. నలభై దాకా ఉంటాయి. సారు ఒకటి తీసి, పైకెత్తి చూసి, లోపలిపక్క తిప్పినాడు.

"ఏమిటిది?"

"మడత సార్. ఈ గుడ్డ రెండు ఉతుకులకు ముడుచుకపోతాది. పిల్లోళ్లు గూడా ఎదిగే వయసు. నడమ ఒక సుట్టు విప్పుకుంటే..."

"ఇదే మన దరిద్రం! రేపటి కోసం గుడ్డ దాచుకోవడం! పిల్ల ఈ రోజు ఎంత ఉన్నదో బట్ట అంతే ఉండాలి. రష్యాలో ఈ మడతలు లేవు, గమనించు." సొరుగు తెరిచి పత్రిక తీసి బల్ల మీద పరిచినాడు. ముగ్గురు రష్యా పిల్లలు, బడి మెట్ల మీద, చేతుల్లో పూలు. అదే ఇటుకరంగు గౌన్లు.

నాయన చేతులు చొక్కాకు తుడుచుకున్యాడు. ముట్టుకోలే. వంగి శానాసేపు చూసినాడు. మిషను పనిచేసే మనిషి గుడ్డను చూసే చూపు వేరే, మొకాలు కనపడవు వాళ్లకు.

"సార్, కోపం చేసుకోవద్దండి. ఈ నడిమి పాప గౌను చూడండి. కింద అంచుకు నాలుగు వేళ్లు పైన గీత ఉంది. గీత కింద ముదురురంగు, పైన వెలిసింది. ఇది మడత విప్పిన గీత సార్. ఈ పాపకు గూడా వాళ్లమ్మ నిరుడు మడత పెట్టే కుట్టింది. ఈ ఏడు విప్పింది."

నేను గూడా తొంగి చూసినా. ఉంది. అడ్డంగా, ఎవురూ కాదనలేనంత బాగా ఉంది. ఇన్నేండ్లు ఆ పేజీని మా మొకాల ముందర ఆడించినోడు, దాని మీద ఉపన్యాసాలు దంచినోడు, ఆ గీతను ఒక్కనాడు చూడలే. మా నాయన రెండో తరగతి చదివినాడు. ఒక్క చూపులో చూసినాడు.

ఆయప్ప పత్రికను కండ్లకాడికి తెచ్చుకున్యాడు. గీత కనపడింది ఆయప్పకు, నాకు తెలుసు, చెవులు ఎర్రగైనాయి. "అది డిజైను" అన్యాడు. నాయన నోరు తెరవబోయినాడు. "నువ్వు దర్జీవా, చరిత్రకారుడివా?" అని అడ్డం పడినాడు సారు. అప్పుడు ఆయప్పకు పుస్తకం భాష పోయి సొంత భాష వచ్చింది. "కత్తిరించప్పా. నా ముందరే కత్తిరించు. లేదంటే ఈ గౌన్లన్నీ తీస్కపోయి నీ బంకులోనే యాలాడదీసుకో. నీ కూతురు గూడా ఈ బళ్లోనే గదా సదివేది?"

ఆ ఒక్క మాటకు నాయన కత్తెర తీసినాడు. వరండాలో గోనెపట్ట పరుచుకొని ఒక్కొక్క గౌనుకూ మడత కత్తిరించి, చిటికెన వేలంత అంచు మడిచి చేత్తో కుట్టినాడు. నేను సూదికి దారమెక్కించి ఇస్తాండా. మధ్యాన్నం దాటింది. ఒక గౌను చేతికి రాగానే ఆగినాడు. "ఇది మా పాపది సార్" అన్యాడు. సారు కుర్చీలోనుంచి లేయకుండా "మా బడిలో అందరూ సమానమే" అన్యాడు. నాయన దాన్ని గూడా సమానంగా కత్తిరించినాడు.

కత్తిరించిన పీలికలను ఆయప్ప పారేయలే. అటెండరుకిచ్చి అన్ని తరగతులకూ బోర్డు తుడిచే గుడ్డలు చేయించినాడు. వృథా చేయకూడదు, గమనించండి అన్యాడు. నేను ఆ బళ్లో ఉన్నన్ని దినాలు మా లెక్కల సారు మా మడతలతోనే బోర్డు తుడిచినాడు.

నాయన చెప్పినట్లే అయ్యింది. రెండు ఉతుకులకు గుడ్డ ముడుచుకపోయింది. ఆ ఏడే నేను ఎదగాల్సొచ్చింది. వానలు పోయేసరికి గౌను మోకాలికి జానెడు పైకి వచ్చింది. బెంచీ మీద కూర్చుంటే పుస్తకాలు తొడల మీద పెట్టుకొని లేసేదాన్ని కాదు. బోర్డుకాడికి రమ్మంటే లెక్క రాదని చెప్పేదాన్ని. రాదా నాకు! అందరికంటే ముందు వచ్చేది. బస్టాండులో లారీల మీద కూర్చున్యోళ్లు ఈలలేసేటోళ్లు. ఒకరోజు గౌను కింద పాత పావడ కట్టుకొని పోయినా. ప్రార్థనలో సారు నన్ను ముందరికి పిలిచినాడు. "ఇది రష్యానా, ఆళ్లగడ్డనా? రెండూ కాదు. వెళ్లి విప్పి రా" అన్యాడు, బడంతా నవ్వింది. నాయన కింద వేరే గుడ్డ అతికిచ్చి పంపినాడు. అతుకులు రష్యా జారు చక్రవర్తుల కాలంలో ఉండేవని సారు వెనక్కి పంపినాడు. శిరివెళ్లనుంచి వచ్చే ఇద్దరు పిల్లలను వాళ్ల నాయన్లు వచ్చి బడి మాన్పించి తోడుకపోయినారు. ఈ పల్లెలోళ్లు మారరు అని వాళ్ల మీద గూడా ఒక ఉపన్యాసం ఇచ్చినాడు.

దసరా సెలవులకు ముందర, లారీవాడు అన్న మాట ఒకటి మా జేజి చెవిలోనే పడింది. ఆ మాట నేను ఇప్పుడు గూడా చెప్పను. జేజి ఇంటికొచ్చి అరవలే. "ఏరా, మాటిచ్చినావు గదా" అని ఒక్కటే అనింది. సెలవులు అయిపోయినా నేను బడికి పోలే.

ఇంకో వారానికేమో, నేను బంకులో చొక్కాకు కాజాలు కుడతాంటే ఆయప్పే వచ్చినాడు, ప్యాంటు గుడ్డ తీసుకొని. నాయన కొలతలు తీసినాడు. తీసినంక టేపు మెడలో వేసుకొని, "సార్, మా పాప మానేసింది" అన్యాడు. "విన్నాను. మీ వాళ్లలో ఛాందసం ఎక్కువ" అన్యాడు ఆయప్ప. నా పక్క తల గూడా తిప్పలే, చేతికందే దూరంలో కూర్చోనుండా. పోతా పోతా మెట్టుకాడ నిలబడి గొంతు తగ్గించినాడు. "నడుం కాడ రెండంగుళాలు లోపల వదులప్పా. ఒళ్లొస్తే విప్పుకుందాం."

దేవుడా! నేను సూది కిందపెట్టి నాయన పక్క చూసినా. ఏదో ఒకటి అంటాడనుకున్యా, గుడ్డ మొకాన కొడతాడనుకున్యా. నాయన సరే సార్ అన్యాడు. రెండంగుళాలు కొలిచి వదిలినాడు. ఎందుకు వదిలినావు నాయనా అని రాత్రి అన్నం కాడ ఏడ్చినా. "ఆయప్ప ఎట్లాంటోడైతే నాకేంది పాపా? నా కత్తెరకు తెలిసింది అదొక్కటే" అన్యాడు. నాకు ఆ పొద్దు మా నాయన మీద గూడా కోపమొచ్చింది. ఇప్పుడు లే.

ఒకటి ఒప్పుకుంటా. ఆయప్ప దొంగ కాదు. పిల్లోళ్ల మీద చెయ్యెత్తలే, ఒకరి సొమ్ము తినలే. దొంగైతే బాగుండు అనిపిస్తాది నాకు. దొంగకు ఎదుటివాళ్ల జేబన్నా కనపడతాది. ఈయప్పకు బొమ్మలో పిల్ల కనపడింది, బెంచీ మీద పిల్ల కనపడలే. బొమ్మలో పిల్లనన్నా సరిగ్గా చూసినాడా అంటే, అదీ లే.

నాకు పెండ్లయి నంద్యాలకు వచ్చినంక, ఇంట్లోనే మిషను పెట్టుకొని కుడతాంటి. నాలుగేండ్ల కింద ఒకనాడు, ఒకామె కూతురిని తోడుకోని గౌను గుడ్డ తెచ్చింది. వెనక ఆమె మామ. ఆయప్పే. రిటైరై కొడుకుకాడ ఉన్యాడంట. జుట్టు తెల్లగైంది, చూపుడువేలు మాత్రం అట్లే పైకి లేస్తాంది. నన్ను గుర్తుపట్టలే. కోడలు, "ఎదిగే పిల్లక్కా, లోపల బాగా మడత వదులు" అనింది. ఆయప్ప గోడకు ఉన్న క్యాలెండరు చూస్తా నిలబడినాడు. పాప కొలతలు తీసినా, ఐదు వేళ్లు వదిలి గుర్తు పెట్టినా. ఆ బిడ్డ ఏం చేసింది పాపం.

కొలతలు నోటుబుక్కులో రాసుకుంటాంటే నా రాత చూసినాడు.

"రాత ముత్యాల్లా ఉందమ్మా. ఎంతవరకు చదివావు?"

"ఎనిమిది సార్. అది గూడా సగమే."

"అయ్యో. ఎందుకు మానేశావు? ఆడపిల్ల చదువుకోవాలమ్మా. ఇంత చక్కటి రాత! మీ నాన్న మాన్పించాడా? ఆ రోజుల్లో తండ్రులు అలాగే ఉండేవాళ్లు." కోడలి పక్క తిరిగి, "గమనించు, ఒక మూర్ఖపు తండ్రి వల్ల ఎంత నష్టమో" అన్యాడు.

మా నాయన పోయి అప్పటికి రెండేండ్లు. ఆయన్ను మూర్ఖుడనేదానికి ఈయప్ప నా గడపలో నిలబడినాడు. అరవాలనుకున్యా, తిట్టాలనుకున్యా, తిట్లు శానా వచ్చు నాకు. పాప నా మొకం చూస్తాంది. గొంతు లేపకుండా చెప్పినా.

"మా నాయన మడత పెట్టినాడు సార్. మీరు కత్తిరించినారు."

ఆయప్ప నా పక్క చూసినాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకొని చూసినాడు. కండ్లు మూసుకొని ఆలోచించినాడు. నటించలే, నిజంగానే ఆలోచించినాడు.

"ఏ మడతమ్మా?" అన్యాడు.